బడి మెట్లెక్కని బజియా

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెద్దక్కను బాజీ అంటారు. ఆ పిలుపుకు ఇంకాస్త ముద్దు, ఇంకాస్త మర్యాద చేరిస్తే బజియా అవుతుంది. మన ఇళ్లలో అక్కయ్యగారు అన్నట్టు. ఫాతిమా సురయ్యాను మొదట ఆమె తమ్ముళ్లు, చెల్లెళ్లు అలా పిలిచారు. తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత టీవీ కేంద్రంలో నటులు, చివరికి ఆమె నాటకాలు చూసిన లక్షల కుటుంబాలు అలాగే పిలిచాయి. ఇంట్లో పిలుపు కాస్తా లోకం ఎరిగిన పేరులో భాగమైంది. ఫాతిమా సురయ్యా బజియా అంటేనే ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది.

ఆమె హైదరాబాదు సంస్థానంలో పుట్టి కరాచీలో స్థిరపడిన ఉర్దూ నవలా రచయిత్రి. పాకిస్తాన్ టెలివిజన్‌కు తొలి తరం నాటక రచయిత్రి. పెద్ద పెద్ద పురస్కారాలు అందుకున్నారు. అయితే భాషా మైనారిటీ బడుల్లో పిల్లల్ని చదివిస్తున్నవారు, ఆ బడుల్లో పాఠాలు చెబుతున్నవారు ఆమె జీవితంలో ఆగి చూడాల్సిన సంగతి వేరే ఉంది. ఆమె ఏ బడిలోనూ పద్ధతి ప్రకారం చదువుకోలేదు. చూపించడానికి ఒక్క సర్టిఫికెట్ లేదు. మాతృభాష ఒక్కటే పెట్టుబడి. ఆ పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చింది, దాంతో ఆమె ఏం సాధించారు అన్నదే ఈ కథ.

ఇల్లే బడి

ఫాతిమా సురయ్యా 1930 సెప్టెంబరు 1న పుట్టారు. పదిమంది సంతానంలో పెద్దది. తండ్రి ఖమర్ మక్సూద్ హమీదీ. ఆ కుటుంబం మూలాలు ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్‌లో ఉన్నాయి. తల్లి వైపు తాత నవాబ్ నిసార్ యార్ జంగ్ హైదరాబాదులో పేరున్న కవి. మిజాజ్ అన్నది ఆయన కలం పేరు.

ఆ రోజుల హైదరాబాదును గుర్తు చేసుకుంటే ఆ ఇంటి వాతావరణం అర్థమవుతుంది. 19వ శతాబ్దం చివర్లో సంస్థానంలో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దానికోసం ఏర్పాటైన అనువాద శాఖ లెక్కలు, వైద్యం, న్యాయం, చరిత్ర పుస్తకాల్ని వరసగా ఉర్దూలోకి తెచ్చింది. ఉత్తరాది నుంచి పండితులు, కవులు ఉద్యోగాల కోసం ఈ నగరానికి వచ్చేవారు. ఉర్దూ కుటుంబంలో పుట్టిన పిల్ల తెల్లవారినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా, జోలపాట నుంచి జ్యోతిషం దాకా, అన్నీ తన భాషలోనే వినగలిగిన నగరం అది.

ఈ బొమ్మకు రెండో వైపు కూడా ఉంది. అదే సంస్థానంలో ఎక్కువమంది మాతృభాష తెలుగు, మరాఠీ, కన్నడం. పై చదువు కావాలంటే ఆ పిల్లలు తమది కాని భాషలో చదవాల్సిందే. ఆ లోటును పూడ్చుకోవడానికే తెలుగువారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని పెట్టుకున్నారు. పాలకుల భాష కానివారు తమ భాషను నిలబెట్టుకోవడానికి మొదట చేసిన పని ఒక గ్రంథాలయం తెరవడం. బజియా కథలో కూడా పుస్తకాల పెట్టెలు ముందు ముందు కనిపిస్తాయి.

ఆ కాలంలో ఘోషా పాటించే పెద్దింటి ఆడపిల్లలకు చదువు ఇంటికే వచ్చేది. ఖురాన్ పఠనం, ఉర్దూ, పారశీకం, అందమైన దస్తూరి, కుట్టుపని నేర్పేవారు. ఫాతిమా సురయ్యా అలాగే చదువుకుంది. పాఠం కన్నా ఎక్కువ నేర్పింది ఇల్లే. తాతగారి కవిత్వం, ఇంటినిండా పుస్తకాలు, పండగలకూ పెళ్లిళ్లకూ చేరే బంధువులు ఆమెకు గురువులు. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, పనివాళ్లతో ఎలా మాట్లాడాలి, కోపం వచ్చినప్పుడు కూడా మాట తూలకుండా ఎలా ఉండాలి అన్నవి చెవికి ఎక్కిపోయాయి. పద్నాలుగేళ్ల వయసులోనే ఆమె ఒక నవల రాసిందని చెబుతారు. పెద్దవాళ్ల మాట రోజూ చెవిన పడుతున్న పిల్లకు, చేతికి అందేంత దూరంలో పుస్తకాలు ఉన్న పిల్లకు అది సాధ్యమే.

పుస్తకాల పెట్టెలతో వలస

1948లో ఆ లోకం తలకిందులైంది. సంస్థానం భారతదేశంలో కలిసిన ఆ ఏడాదే ఆ కుటుంబం కరాచీకి వెళ్లిపోయింది. వెంట తీసుకెళ్లినవాటిలో వేల పుస్తకాలున్న ఇంటి గ్రంథాలయం ఉంది. ఇల్లు వదిలి వెళ్లేవారు బంగారమో పాత్రలో మూటగట్టుకుంటారు. ఈ కుటుంబం పుస్తకాలు మోసుకెళ్లింది.

కొత్త దేశానికి అప్పుడు రాజధాని కరాచీ. ఊరు కాందిశీకులతో నిండిపోయింది. హైదరాబాదులో నవాబుల మనవలైనవారు అక్కడ అందరిలాంటి వలసజీవులే. ఫాతిమా సురయ్యా సొంత జీవితంలో కూడా దెబ్బ మీద దెబ్బ తగిలింది. పెళ్లి నిలవలేదు. పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పెద్దది కాబట్టి తమ్ముళ్లు, చెల్లెళ్ల బాధ్యత తలకెత్తుకుంది. బజియా అన్న పిలుపు ఆ ఏళ్లలో బంధుత్వం నుంచి బాధ్యతగా మారింది.

ఆ ఇంటి నుంచి ఎవరెవరు వచ్చారో చూస్తే ఆమె పెంపకం విలువ తెలుస్తుంది. చెల్లెలు జెహ్రా నిగాహ్ మగవాళ్ల ముషాయిరాల్లో ధైర్యంగా నిలబడి చదివిన తొలి తరం ఉర్దూ కవయిత్రుల్లో ఒకరు. తమ్ముడు అన్వర్ మక్సూద్ వ్యంగ్య రచనకు, టీవీ హాస్యానికి మారుపేరయ్యారు, చిత్రకారుడు కూడా. మరో తమ్ముడు అహ్మద్ మక్సూద్ హమీదీ ప్రభుత్వంలో ఉన్నతాధికారి. సారా నఖ్వీ బీబీసీ ఉర్దూ విభాగంలో పనిచేశారు. జుబేదా తారిఖ్ టీవీలో వంటలు, ఇంటి చిట్కాలు చెప్పి జుబేదా ఆపాగా ఇంటింటికీ దగ్గరయ్యారు. కవిత్వం, హాస్యం, వార్తలు, వంట ఇలా దారులు వేరైనా అందరి చేతిలోనూ ఉన్న పనిముట్టు ఒకటే. అది ఇంట్లో నేర్చుకున్న భాష.

ఆలస్యమైన విమానం

1966లో బజియా ఇస్లామాబాదు వైపు వెళ్లినప్పుడు తిరుగు ప్రయాణపు విమానం ఆలస్యమైంది. దొరికిన ఆ ఖాళీ సమయంలో ఆమె టీవీ కేంద్రం చూడటానికి వెళ్లారు. అక్కడ అధికారిగా, దర్శకుడిగా ఉన్న ఆగా నాసిర్ ఆమెకు పని ఇచ్చారు. మొదట ఒక నాటకంలో చిన్న వేషం. ఆ తర్వాత కలం చేతికొచ్చింది. అప్పటికి ఆమె వయసు ముప్పై అయిదు దాటింది. డిగ్రీ లేదు, నాటక రంగంలో శిక్షణ లేదు. ఏళ్ల తరబడి నవలలు రాసిన అనుభవం మాత్రం ఉంది.

పాకిస్తాన్‌లో టీవీ 1964 నవంబరులో లాహోర్‌లో మొదలైంది. మన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం రావడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తొలి రోజుల్లో టీవీకి ఎలా రాయాలో ఎవరికీ తెలియదు. నేర్పేవారూ లేరు. సినిమాకు రాసినట్టు రాస్తే చిన్న స్టూడియోలో తీయలేరు. రంగస్థలానికి రాసినట్టు రాస్తే ముఖం దగ్గరగా చూపించే కెమెరా ముందు అరుపులా ఉంటుంది. ఇంటి నడవలో నలుగురు కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండాలి. సరిగ్గా ఆ మాటే బజియాకు పుట్టుకతో వచ్చింది.

ఒక ఇంట్లో ఇరవై గొంతులు

ఆమెకు ఎక్కువ పేరు తెచ్చినవి ధారావాహికలు. 'షమా', 'అఫ్షాఁ', 'అరూసా', 'అనా', 'జీనత్', 'బాబర్', 'ఆబ్‌గీనే' వాటిలో కొన్ని. 'షమా', 'అఫ్షాఁ' రెండింటికీ మూలం ఏ.ఆర్. ఖాతూన్ నవలలు. ఖాతూన్ అంతకు ముందు తరం రచయిత్రి. విభజనకు ముందే ఆమె నవలలు ఉర్దూ ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లో నలిగాయి. పెద్ద పండితులు వాటిని అంతగా పట్టించుకోలేదు. ఆడవాళ్లు వంటింటి పని ముగించుకుని చదువుకునే పుస్తకాలుగానే చూశారు. బజియా వాటిలో ఒక నిధిని చూశారు. ఆ నవలలు దాచిపెట్టిన ఇంటి భాషను, ఇంటి మర్యాదను టీవీ మీదికి తెచ్చారు.

నవలను టీవీ నాటకంగా మార్చడం తేలిక పని కాదు. నవలలో రచయిత్రి రెండు పేజీలు వర్ణిస్తుంది. తెర మీద ఆ వర్ణన ఉండదు. అత్తగారి మనసులో ఏముందో ఆమె తమలపాకు చుట్టే తీరులో, కోడలిని పిలిచే గొంతులో తెలియాలి. బజియా నాటకాల్లో ఒక ఇంట్లో పదిహేను, ఇరవై పాత్రలు తిరుగుతుంటాయి. నానమ్మ, పెద్దమ్మ, మేనత్త, వితంతువైన పిన్ని, చదువుకున్న మనవరాలు, పాతకాలపు దాది, తోటమాలి ఉంటారు. ఒక్కొక్కరి మాట తీరు వేరు. నానమ్మ సామెతలతో మాట్లాడుతుంది. చదువుకున్న పిల్ల మాట చురుగ్గా ఉంటుంది. దాది యాస ఇంకోలా ఉంటుంది. కళ్లు మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోవచ్చు. ఒక భాషలో ఇన్ని మెట్లు, ఇన్ని రంగులు ఉంటాయని పాఠ్యపుస్తకం చెప్పదు. అవి ఉమ్మడి ఇంట్లో పెరిగినవారి చెవికే తెలుస్తాయి.

పెళ్లిళ్లు, పసుపు పెట్టే వేడుకలు, గోరింటాకు రాత్రుల పాటలు, పెద్దల ముందు వంగి సలాం చెప్పే తీరు, వచ్చినవారికి పాన్‌దాన్ తెరిచి మర్యాద చేయడం లాంటివి ఆమె నాటకాల్లో నిండుగా కనిపిస్తాయి. వలస వచ్చిన కుటుంబాలకు అవి పోగొట్టుకున్న ఇంటిని గుర్తు చేశాయి. కరాచీలో పుట్టిన వారి పిల్లలకు తాము ఎన్నడూ చూడని హైదరాబాదును, లక్నోను, దిల్లీని పరిచయం చేశాయి. 1980ల్లో పాకిస్తాన్ నాటకాలు వీడియో క్యాసెట్ల రూపంలో సరిహద్దు దాటి మన దేశంలోని ఉర్దూ ఇళ్లకూ చేరాయి. మనుషులు రాకపోకలకు వీసాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మాట మాత్రం అలా తిరిగి వచ్చింది.

ఆమె మీద విమర్శ లేకపోలేదు. పెద్ద హవేలీలు, కలిగినవారి ఇళ్లు, వంశ మర్యాదలు తప్ప సామాన్యుడి కష్టం ఎక్కడ అని అడిగినవారున్నారు. ఆమె సమకాలికురాలు హసీనా మోయిన్ ఉద్యోగాలు చేసే, ఎదురు మాట్లాడే, నవ్వించే కొత్త తరం అమ్మాయిల్ని సృష్టించారు. బజియా దారి అది కాదు. విమర్శలో నిజం ఉంది. అయితే ఆమె ఇళ్లలో నిర్ణయాలు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే అన్న సంగతి కూడా చూడాలి. చదువు కావాలనే అమ్మాయి, ఆస్తి కన్నా మాటే ముఖ్యమనే నానమ్మ ఆమె కథల్ని నడిపించారు. మాసిపోతున్న ఒక జీవనవిధానాన్ని నమోదు చేసిపెట్టడం తన వంతు అనుకున్నారు. ఆ పని ఆ స్థాయిలో ఇంకెవరూ చేయలేదు.

స్త్రీల కోసం, పిల్లల కోసం కూడా ఆమె టీవీ కార్యక్రమాలు రూపొందించారు. నటనకు వచ్చిన కొత్తవారికి ఉచ్చారణ దిద్దడం, చీర కట్టు, గరారా తొడిగే తీరు, పెద్దల ముందు కూర్చునే పద్ధతి చూపించడం ఆమె రాతలో భాగమే అన్నట్టు ఉండేది. బడికి వెళ్లని ఆమె చుట్టూ చివరికి ఒక బడి తయారైంది.

జపాన్ దాకా

బజియా ఉర్దూ దగ్గరే ఆగిపోలేదు. సింధ్‌లోని పాకిస్తాన్–జపాన్ సాంస్కృతిక సంఘంలో చాలా ఏళ్లు పనిచేశారు. జపాన్ కథల్ని ఉర్దూ రంగస్థలానికి మలిచారు. ఆ కృషికి 1999లో జపాన్ ప్రభుత్వం ఆమెను సత్కరించింది. తన భాషలో లోతుగా వేళ్లూనుకున్న మనిషి పరాయి భాషకు భయపడదు, దాన్ని ఇంటికి అతిథిగా పిలుస్తుంది అనడానికి ఇదో తార్కాణం. మాతృభాషలో చదివితే పిల్లవాడు బావిలో కప్ప అవుతాడేమో అని బెంగపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చాలు.

1996లో పాకిస్తాన్ ప్రభుత్వం కళాకారులకు ఇచ్చే ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ పురస్కారం, 2012లో హిలాల్-ఎ-ఇంతియాజ్ అందుకున్నారు. అదే 2012లో ఆమె జీవితచరిత్ర పుస్తకంగా వచ్చింది. అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఇంకొకటి. బడి మెట్లెక్కని ఈ మనిషిని సింధ్ ముఖ్యమంత్రికి విద్యా సలహాదారుగా నియమించారు.

ఆ సింధ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. కరాచీ సింధ్ రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రం భాష సింధీ. వలస వచ్చినవారి భాష ఉర్దూ. 1972లో సింధీని అధికార భాషగా చేసే చట్టం వచ్చినప్పుడు రెండు భాషలవారి మధ్య అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. హైదరాబాదులో పాలకుల భాషగా ఉన్న ఉర్దూ, సింధ్‌లో వలసవచ్చినవారి భాషగా, అదే సమయంలో దేశం జాతీయ భాషగా, రెండు ముఖాలతో నిలబడింది. ఇలాంటి చోట ఉర్దూ రచయిత్రి సింధ్ పిల్లల చదువు గురించి సలహా చెప్పే బాధ్యత తీసుకున్నారు.

చివరి రోజుల్లో ఆమెను గొంతు క్యాన్సర్ పీడించింది. 2016 ఫిబ్రవరి 10న కరాచీలో కన్నుమూశారు. వయసు ఎనభై అయిదు. 2018 సెప్టెంబరు 1న ఆమె 88వ జయంతికి గూగుల్ తన ముఖపేజీ మీద ఆమె బొమ్మ పెట్టి గుర్తు చేసుకుంది.

మనకేం సంబంధం?

యానాంలో ఉన్న మనకు భాష, సరిహద్దు అన్న మాటలు కొత్తవి కావు. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా మనం పుదుచ్చేరి వాళ్లం. ఊళ్లో అందరం తెలుగే మాట్లాడతాం. కేంద్రపాలిత ప్రాంతం మొత్తం లెక్క చూస్తే మాత్రం తమిళం ముందు మనం చిన్న గుంపు. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు, మాహేలో మలయాళానికి ప్రత్యేకంగా చోటిచ్చింది. గోదావరి వంతెన దాటితే మన భాష రాష్ట్ర భాష, ఇటు వస్తే రక్షణ కావాల్సిన భాష. ఏ భాషా పుట్టుకతో మైనారిటీ కాదు, గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి అవుతుంది. బజియా జీవితంలో ఉర్దూకు జరిగింది కూడా ఇదే. పాలకుల భాషగా గర్వపడ్డ ఉర్దూ ఇవాళ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండో అధికార భాషగా గుర్తింపు తెచ్చుకుని, బడిలో పిల్లల్ని నిలుపుకోవడానికి పాటుపడుతోంది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో చేర్చిన ఈ మాట వల్ల ఉపాధ్యాయుడు, గది, పుస్తకం వస్తాయి. వాటికోసం అడగడం మన హక్కు. అయితే బజియాకు దొరికింది అంతకన్నా ఎక్కువ. తాత నోటి కవిత్వం, చేతికందే పుస్తకాలు, పది రకాల గొంతులు దొరికాయి. ఇది ఏ చట్టం ఇవ్వలేనిది.

ఆమె కథ విని అయితే బడి ఎందుకు అనుకుంటే పొరపాటు. నవాబుల ఇంట్లో, గ్రంథాలయం మధ్య పుట్టిన పిల్ల ఆమె. పగలంతా పనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు, ఒక్క పుస్తకం లేని ఇళ్ల పిల్లలకు ఆ అదృష్టం లేదు. అలాంటి పిల్లలకు బజియా ఇంట్లో ఉన్నవన్నీ బడిలోనే దొరకాలి. అందుకే మైనారిటీ బడి బాధ్యత మిగతా బడుల కన్నా ఎక్కువ. అది చదువు చెప్పే చోటే కాకుండా ఆ భాషకు ఇల్లు కూడా కావాలి.

దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంచే బదులు పిల్లల చేతికివ్వాలి. వారానికోసారి ఎవరింటి నానమ్మనో, తాతయ్యనో తరగతికి పిలిచి పాత కథ చెప్పించాలి. చదివిన కథను పిల్లల చేతే నాటకంగా రాయించాలి. అత్తగారు ఎలా మాట్లాడుతుంది, పడవ నడిపేవాడు ఎలా మాట్లాడతాడు, ఆఫీసరు ఎలా మాట్లాడతాడు అని వాళ్లనే ఆలోచించనివ్వాలి. ఇంట్లో తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా తేలిక. పిల్లలతో మాట్లాడటం. వచ్చీరాని పరభాష ముక్కలతో కాకుండా తమకు నిండుగా వచ్చిన భాషలో, సామెతలతో, కథలతో మాట్లాడటం.

1948లో ఒక కుటుంబం మోసుకెళ్లిన పుస్తకాల పెట్టెల బరువు ఎంతో ఎవరూ తూచలేదు. వాటిని చదివి పెరిగిన అక్క, తర్వాత దేశానికంతటికీ అక్క అయింది. మన పిల్లల సంచుల్లో కూడా అలాంటి పుస్తకం ఒక్కటైనా ఉందో లేదో ఈ సాయంత్రం బడి నుంచి వచ్చాక ఒకసారి తెరిచి చూద్దాం.